ఓపెన్ సోర్స్ బృందంలో తొలి పలకరింపు: ఖాతా పేరు నుంచి మొదటి పని దాకా

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఏటా సంక్రాంతి సెలవులు అయ్యాయో లేదో, వాటిలో చదివే పిల్లలు చాలామంది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచి, నలుగురూ కలిసి తయారుచేసే సాఫ్ట్‌వేర్ల) చాట్ గదుల్లోకి వచ్చిపడతారు. కొత్తవాళ్లు ఓపెన్ సోర్స్‌లో పనిచేస్తే భత్యం ఇచ్చే, 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ దరఖాస్తుల గడువు దగ్గరపడుతుంటుంది మరి. ఆ రోజుల్లో ఏ గది తలుపు తీసినా ఒకటే పాట: "హాయ్ ఆల్, మైసెల్ఫ్ ఫలానా, థర్డ్ ఇయర్ సీఎస్ఈ, వెరీ ఇంటరెస్టెడ్ టు కాంట్రిబ్యూట్, ప్లీజ్ గైడ్ మీ." దీనికి జవాబు రాదు. పొగరుతో ఇవ్వరని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఆ సందేశానికి జవాబివ్వాలంటే చదివినవాళ్లు ముందు నాలుగు ప్రశ్నలు వేయాలి: మీకేం వచ్చు, ఏ భాగం మీద ఆసక్తి, ఎంత సమయం ఇవ్వగలరు, ఇంతవరకు ఏం చూశారు. ఉద్యోగం ముగించుకుని రాత్రిపూట అరగంట కూర్చునే మనిషికి అంత ఓపిక ఉండదు.

కాబట్టి మీ పరిచయానికి ఒకే ఒక్క పరీక్ష పెట్టుకోండి. చదివినవాళ్లు ఎదురు ప్రశ్న వేయకుండా రెండు నిమిషాల్లో జవాబివ్వగలగాలి. కింద చెప్పేదంతా దానికోసమే. ఉదాహరణలు ఎక్కువగా వర్డ్‌ప్రెస్ నుంచి తీసుకున్నాం. 2003లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ జీపీఎల్ లైసెన్సు కింద ఉంది (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు), మన దగ్గర కోచింగ్ సెంటర్ల నుంచి ఆసుపత్రుల దాకా ఎన్నో వెబ్‌సైట్లు దీనిమీదే నడుస్తాయి. డ్రూపల్, జాంగో, మీడియావికీ లాంటి ఇతర ప్రాజెక్టుల్లో గదుల పేర్లు మారతాయి గానీ పద్ధతి ఇదే.

ముందు ఖాతా, పేరు

వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో ఖాతా తెరిచేటప్పుడు పెట్టుకున్న యూజర్‌నేమ్‌ను తర్వాత మార్చుకోలేరు. కాలేజీ రోల్ నంబరును యూజర్‌నేమ్‌గా పెట్టి తర్వాత నాలుక కరుచుకునేవాళ్లు చాలామంది. మీ పని సాఫ్ట్‌వేర్‌లో చేరినప్పుడు, ఆ మార్పు పక్కన "ప్రాప్స్" అని రాసి మీ యూజర్‌నేమ్ వేస్తారు. అది ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. పదేళ్ల తర్వాత కూడా మీది అని చెప్పుకోవడానికి ఇబ్బంది లేని పేరు ఎంచుకోండి.

ఈమెయిల్ కూడా అంతే. కాలేజీ ఇచ్చిన చిరునామా చదువు అయిపోగానే మూతపడుతుంది, దాంతోపాటు పాస్‌వర్డ్ మార్చుకునే దారీ పోతుంది. సొంత చిరునామానే వాడండి. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలో చేసే ప్రతి కమిట్‌లోనూ, అంటే నమోదు చేసే ప్రతి మార్పులోనూ, ఈమెయిల్ నమోదవుతుంది, అందరికీ కనిపిస్తుంది. అది ఇష్టం లేకపోతే గిట్‌హబ్ (ఆ కోడ్‌ను ఉంచే వెబ్‌సైట్) సెట్టింగుల్లో ఈమెయిల్‌ను దాచే ఐచ్ఛికం పెట్టి, అక్కడ ఇచ్చే మారు చిరునామాను మీ కంప్యూటర్‌లోని గిట్‌కు కూడా చెప్పాలి. ఈ రెండో పని మరిచిపోవడం మామూలే. సెట్టింగు పెట్టాం కదా అనుకుంటే, మీ కంప్యూటర్ మాత్రం పాత చిరునామానే పంపుతూ ఉంటుంది.

వర్డ్‌ప్రెస్ వాళ్ల చాట్ గదులుండే స్లాక్ యాప్‌లో చేరడానికి పైన చెప్పిన ఖాతానే ఆధారం. మీ యూజర్‌నేమ్‌తో చాట్ డాట్ వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ అనే చిరునామా ఒకటి వస్తుంది, స్లాక్‌లో అదే ఇవ్వాలి. సొంత జీమెయిల్ ఇచ్చి "లోపలికి రానివ్వడం లేదు" అని తిరిగిపోయేవాళ్లు ఆగేది సరిగ్గా ఇక్కడే.

ఇక కనిపించే పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, బయటివాళ్లు మొదటి ముక్కే పిలిచే పేరనుకుంటారు. "వెంకట నాగ సాయి" అని మొదలయ్యే నాలుగు ముక్కల పేరును పాస్‌పోర్టులో ఉన్నట్టు రాస్తే ఒకరు వెంకట అని, ఇంకొకరు ఇంటిపేరుతో పిలుస్తారు. ఎవరిని పిలుస్తున్నారో మీకే తెలియదు. ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో అదొక్కటే పెట్టండి, "నన్ను ఇలా పిలవండి" అని ఒక ముక్క చేర్చండి.

ఒక వారం గోడ పక్కన

చేరిన వెంటనే మాట్లాడక్కర్లేదు. మూడు రోజులు ఊరికే గమనిస్తే చాలు, వారమైతే మేలు. ఆ వారంలో మూడు సంగతులు పట్టుకోండి: ఆ బృందం ప్రవర్తనా నియమావళిలో ఏముంది, కొత్తవాళ్లు ఏ గదిలో పలకరిస్తున్నారు, ఎలాంటి పలకరింపులకు జవాబులొచ్చాయి, ఎలాంటివి అనాథలుగా మిగిలాయి. మూడోదే అసలైన పాఠం. పాత సందేశాల్లో వెనక్కి వెళ్లి ఒక ఇరవై పరిచయాలు చదవండి. జవాబు వచ్చినవాటిలో దాదాపు ఎప్పుడూ ఒక లింకో, ఒక టికెట్టో (లోపం గురించో పని గురించో తెరిచే నమోదు), ఒక స్పష్టమైన ప్రశ్నో ఉంటుంది.

గది ఎంపికలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. అనువాదానికి పాలీగ్లాట్స్, పరీక్షలకు కోర్-టెస్ట్, పత్రాలకు డాక్స్. ఏదో ఒకటే ఎంచుకోండి. అదే సందేశాన్ని నాలుగు గదుల్లో అతికిస్తే, నాలుగింటిలోనూ ఉండే మనుషులు కొందరు ఒకళ్లే కాబట్టి వెంటనే తెలిసిపోతుంది.

చేతిలో ఒక చిన్న పని

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, మేం మాత్రం దీనిమీదే ఎక్కువసేపు కూర్చోమంటాం. ఒట్టి చేతులతో వెళ్లి "ఏదైనా పని చెప్పండి" అనడానికీ, "ఇది చేసి చూశాను, ఇలా వచ్చింది" అనడానికీ చాలా తేడా ఉంది. కోడ్ రాయడం రాకపోయినా పర్వాలేదు. మీకు తెలుగు వచ్చు. ఆ గదిలో ఉన్నవాళ్లలో చాలామందికి రాదు. ఇంగ్లీషు అక్షరాలతో మాత్రమే పరీక్షించిన చోట తెలుగు పెడితే బయటపడే లోపాలు ఇప్పటికీ ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం తగిలితే చాలు ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి గుర్తుండే ఉంటుంది. తర్వాతి నవీకరణలో సరిచేశారు.

ఒక పరీక్ష ఇప్పుడే చేయొచ్చు. వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ అని ఒకటుంది. కంప్యూటర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే మొత్తం వర్డ్‌ప్రెస్ నడుస్తుంది. ట్యాబ్ మూసేస్తే అంతా పోతుంది కాబట్టి భయపడాల్సిన పని లేదు. అందులో కొత్త పోస్టు తెరిచి "గుంటూరు మిరప యార్డులో ధరలు" అని శీర్షిక పెట్టి ప్రచురించండి. ఇప్పుడు పక్క పట్టీలో స్లగ్ చూడండి. స్లగ్ అంటే పోస్టు వెబ్ చిరునామాలో చివరి ముక్క. అక్కడ "ధరలు" ఉండదు, "ధర" దగ్గరే తెగిపోయి ఉంటుంది. "లు" ఏమైంది?

లెక్క ఇది. తెలుగు యూనికోడ్‌లో గుణింతపు గుర్తు, సున్న, పొల్లు ఒక్కొక్కటీ విడి సంకేతం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. వెబ్ చిరునామాలో ఒక్కో బైటునూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలుగా రాస్తారు. అంటే ఒక్కో సంకేతానికి 9. వర్డ్‌ప్రెస్ స్లగ్‌ను 200 దగ్గర ఆపేస్తుంది. "గుంటూరు"లో 7 సంకేతాలు, 63. "మిరప" 4, అంటే 36. "యార్డులో" 8, అంటే 72. మధ్యలో మూడు ఖాళీలు కలిపితే 174. మిగిలింది 26, అందులో రెండు సంకేతాలు పడతాయి: ధ, ర. మూడోది వేస్తే 201 అవుతుంది కాబట్టి అక్కడితో సరి. ఇంగ్లీషు శీర్షికకు 200 అంటే మూడు నాలుగు వరుసలు, మనకు మాత్రం 22 సంకేతాలు.

కనిపెట్టేశాం అని పరుగెత్తకండి. ముందు వెతకండి. ఈ 200 హద్దు గొడవ ఎన్నో ఏళ్ల క్రితమే ట్రాక్‌లో, అంటే వర్డ్‌ప్రెస్ వాళ్ల టికెట్ల పుస్తకంలో నమోదైంది. వెతక్కుండా కొత్త టికెట్ తెరిస్తే "డూప్లికేట్" అని ముద్ర వేసి మూసేస్తారు, అదే మీ మొదటి పరిచయం అవుతుంది. పాత టికెట్‌కు తెలుగు ఉదాహరణను లెక్కతో సహా జోడిస్తే మాత్రం అది పనికొచ్చే సాయం.

లోపం చెప్పేటప్పుడు చిరునామా కచ్చితంగా ఉండాలి. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు చెప్పాలంటే లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబుతాం కదా, "గుడి పక్కన సందు" అంటే ఊరంతా తిప్పినట్టే. అలాగే ఇక్కడ వర్డ్‌ప్రెస్ వెర్షన్, బ్రౌజర్ పేరు, వెర్షన్, వాడిన థీమ్, ఏ వరుసలో ఏం నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది. తెలుగు పాఠాన్ని స్క్రీన్‌షాట్‌గా మాత్రమే పెట్టకండి, అక్షరాలుగా కూడా అతికించండి. బొమ్మలోంచి వాళ్లు తెలుగు టైపు చేసుకోలేరు.

సందేశం

ఇంగ్లీషులోనే పంపాలి, కానీ ముందు తెలుగులో రాసుకోండి. చెప్పాల్సిన విషయం ఉందో లేదో అప్పుడు తేలుతుంది. ఇంగ్లీషులో అయితే తీపి మాటలతో పేజీ నిండిపోతుంది, లోపల ఏమీ లేదని మనకే తెలియదు. ఎనభై నుంచి నూట ఇరవై మాటలు చాలు. ఇలా ఉండొచ్చు:

"నమస్కారం. నన్ను సాయి అని పిలవండి. గుంటూరులో ఉంటాను, మాతృభాష తెలుగు. పీహెచ్‌పీ ఏడాదిగా రాస్తున్నాను, జావాస్క్రిప్ట్ ఇంకా నేర్చుకుంటున్నాను. ప్లేగ్రౌండ్‌లో తెలుగు శీర్షికతో పోస్టు వేస్తే స్లగ్ 200 దగ్గర తెగి చివరి అక్షరం పోయింది. ఇది పాత టికెట్టేనని చూశాను, లింకు ఇదిగో. తెలుగు ఉదాహరణను లెక్కతో సహా ఆదివారంలోగా అందులో చేరుస్తాను. వారానికి మూడు గంటలు ఇవ్వగలను, రాత్రి 8 తర్వాత, భారత కాలమానం. ఒక ప్రశ్న: పరీక్ష నివేదికకు మీరు వాడే నమూనా ఏదైనా ఉందా?"

చివరి ప్రశ్నే ఇందులో కీలకం. దానికి ఎవరైనా ఒక లింకు అతికించి వెళ్లిపోవచ్చు, పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. మీతో తొలి మాట కలిపే అవకాశాన్ని అలా వాళ్ల చేతికి తేలిగ్గా అందిస్తున్నారు. "జావాస్క్రిప్ట్ ఇంకా నేర్చుకుంటున్నాను" అన్న వాక్యాన్ని తీసేయాలనిపిస్తుంది. తీయకండి. రానిది రాదని చెప్పినవాళ్లకే సరైన పని దొరుకుతుంది. వారానికి ఇరవై గంటలు అని రాసి రెండో వారం మాయమయ్యేవాళ్లను అక్కడ చాలామందిని చూసి ఉంటారు. మూడంటే మూడే రాయండి.

పదో తరగతి మార్కులు, ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు, సర్టిఫికెట్ల జాబితా, "హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్" ఇవేవీ వద్దు. పెళ్లి సంబంధానికి పంపే బయోడేటా వేరు, ఇది వేరు. ఫోన్ నంబరు అసలే వద్దు. అక్కడ రాసిన ప్రతిదీ వెతికితే దొరికేలా ఏళ్ల తరబడి ఉంటుంది. ఉద్యోగంలో ఉంటే, కంపెనీ సమయంలో చేస్తున్నారా సొంతంగానా అన్నది ఒక్క మాట చెప్పండి. కంపెనీ కోడ్‌ను తెచ్చి జీపీఎల్ ప్రాజెక్టులో పెట్టే హక్కు మీకు ఉండకపోవచ్చు.

ఏఐతో రాయించిన పరిచయాలు ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి. వ్యాకరణం దిద్దించుకోవడం వరకు ఫర్వాలేదు. మొత్తం రాయిస్తే నున్నగా ఉంటుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, రెండో వాక్యానికే పసిగట్టేస్తారు. తప్పుల ఇంగ్లీషుకు ఎవరూ నవ్వరు. ఆ గదుల్లో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు.

మన ఇంగ్లీషులో జాగ్రత్త పడాల్సిన మాటలు

మన మధ్య చక్కగా చెల్లే కొన్ని మాటలు బయట వేరే అర్థమిస్తాయి. "ఐ హావ్ ఎ డౌట్" అంటే మనకు ఒక ప్రశ్న ఉందని. వాళ్లకు మీ పని మీద నాకు నమ్మకం లేదని వినిపిస్తుంది, "క్వశ్చన్" అనండి. "పాస్డ్ అవుట్ ఇన్ 2023" అంటే 2023లో స్పృహ తప్పి పడిపోయారని. "గ్రాడ్యుయేటెడ్" అంటే సరిపోతుంది. "డూ ద నీడ్‌ఫుల్" అంటే ఏం చేయాలో వాళ్లకు అర్థం కాదు, కావలసింది విడమరిచి అడగండి.

సర్, మేడమ్‌లు కూడా వదిలేయాలి. మన దగ్గర పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడం అమర్యాద, గారు లేకుండా నోరు రాదు. అక్కడ ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లనూ పేరుతోనే పిలుస్తారు. పైగా "డియర్ సర్" అని మొదలుపెడితే చదివేవాళ్లలో ఆడవాళ్లు లేరని మీరే తేల్చినట్టు. మర్యాద చూపించాలంటే వాళ్లు రాసిన పత్రం చదివి వెళ్లడమే దారి.

"హాయ్" అని ఒక్క ముక్క రాసి జవాబు కోసం కూర్చోవడం ఇంకో అలవాటు. ఫోన్లో అయితే ముందు కుశలం అడిగి తర్వాత విషయానికి వస్తాం. ఇక్కడ మీరు హాయ్ అన్నప్పుడు అవతలివాళ్లు నిద్రలో ఉంటారు, వాళ్లు తిరిగి హాయ్ అనేసరికి మీరు నిద్రలో ఉంటారు. రెండు రోజులు హాయ్‌లకే సరి. పలకరింపు, విషయం, ప్రశ్న ఒకే సందేశంలో పెట్టండి.

ఎప్పుడు పెట్టాలి

సమావేశాల సమయాలు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికంగా వాడే కాలమానంలో ఇస్తారు. మనం 5 గంటల 30 నిమిషాలు ముందుంటాం. ఆ అరగంటను మరిచి సమావేశం అయిపోయాక వచ్చేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. యూటీసీ 15:00 అంటే మనకు రాత్రి 8:30. 20:00 అంటే రాత్రి 1:30, తేదీ కూడా మారిపోతుంది: బుధవారం సమావేశం మనకు గురువారం. సమయాన్ని యూటీసీలో కాకుండా అమెరికా, ఐరోపా స్థానిక గడియారంతో చెప్పే బృందాలైతే ఏడాదికి రెండుసార్లు మనకు గంట అటూ ఇటూ జరుగుతుంది. వాళ్లు గడియారాలు తిప్పుకుంటారు, మనం తిప్పం.

పరిచయం పెట్టడానికి మంగళవారం నుంచి గురువారం దాకా, సాయంత్రం 7 నుంచి 9 మధ్య బాగుంటుంది. ఐరోపాలో మధ్యాహ్నం, అమెరికా తూర్పు తీరంలో ఉదయం, రెండు చోట్లా మనుషులు మేలుకుని ఉంటారు. శుక్రవారం రాత్రి పెడితే సోమవారానికి కింద ఎక్కడో కూరుకుపోతుంది. డిసెంబరు చివరి రెండు వారాలు అక్కడంతా సెలవులు. అలాగే జనవరి రెండో వారంలో మీరు ఏదైనా చేస్తానని మాటిచ్చేముందు క్యాలెండర్ చూసుకోండి, భోగి నాడు ఎవరూ ప్యాచ్ (కోడ్ సవరణ) పరీక్షించరు.

పెట్టిన తర్వాత

మూడు పనిదినాలు ఆగండి. ఈలోగా చేస్తానన్న పని చేసేయండి, జవాబు వచ్చాక మొదలుపెడదాం అనుకోవద్దు. వారం దాటినా ఎవరూ పలకకపోతే అదే సందేశం కింద, అదే థ్రెడ్‌లో, ఒక్కసారి గుర్తుచేయండి. "ఎనీ అప్‌డేట్?" అని కాకుండా "చెప్పిన ఉదాహరణ టికెట్‌లో చేర్చాను, లింకు ఇది, నమూనా గురించిన ప్రశ్న అలాగే ఉంది" అని రాయండి. అప్పటికీ మౌనమే అయితే గది తప్పు కావచ్చు, వారపు సమావేశంలో చివర ఉండే బహిరంగ చర్చ సమయంలో అడగండి.

ఎవరో ఒకరికి విడిగా మెసేజి పెట్టి పని జరిపించుకుందాం అనిపిస్తుంది. తెలిసినవాళ్లుంటే పనవుతుందన్నది మన ఆఫీసులు నేర్పిన పాఠం. ఇక్కడ అది ఎదురు తిరుగుతుంది. విడిగా అడిగితే ఆ ఒక్కరే చెప్పాలి, గదిలో అడిగితే ఎవరైనా చెప్పొచ్చు, రేపు అదే ప్రశ్న ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. "ఈ టికెట్ నాకు అసైన్ చేయండి" అని అడగడమూ అలాంటిదే. చాలా చోట్ల అసైన్‌మెంట్ కోసం ఆగాల్సిన అవసరమే లేదు, పని మొదలుపెట్టానని రాసి మొదలుపెట్టడమే.

సంఖ్య కోసం పనికిరాని మార్పులు పంపకండి. ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవాళ్లకు అక్టోబరులో టీషర్ట్ ఇచ్చిన హ్యాక్టోబర్‌ఫెస్ట్ కోసం 2020లో, ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైళ్లలో ఒకటి రెండు మాటలు మార్చి పంపిన పుల్ రిక్వెస్టులు (మార్పును చేర్చుకోమనే అభ్యర్థనలు) వరదలా వచ్చాయి. నిర్వాహకులు మధ్యలోనే నియమం మార్చి, ఇష్టమని చెప్పిన ప్రాజెక్టులకే పరిమితం చేయాల్సి వచ్చింది.

తెలుగు అనువాదంలో చేరేవాళ్లకు

ఇక్కడ పరిచయం కొంచెం వేరుగా ఉండాలి, ఎందుకంటే చదివేవాళ్లు తెలుగువాళ్లే. గారు ఉండొచ్చు, ఉండాలి కూడా. ఇంగ్లీషులో పరిచయం చేసుకోవాలంటే బెరుకుగా ఉంటే ముందు తెలుగు వికీపీడియాలో అలవాటు చేసుకోవచ్చు. దాని దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరిలో విజయవాడలోనే జరిగాయి. మీ వాడుకరి పేజీలో నాలుగు వాక్యాలు రాసుకుని, సందేహం ఉంటే రచ్చబండ అనే చర్చా పేజీలో అడిగి, చివర నాలుగు టిల్డా (~) గుర్తులు పెడితే పేరు, సమయం వాటంతటవే పడతాయి. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ తెలుగు సందేశాలను ట్రాన్స్‌లేట్‌వికీలో అనువదిస్తారు.

వర్డ్‌ప్రెస్‌లో అయితే మీరు రోజూ వాడే చిన్న ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు అదనపు సౌకర్యం చేర్చే తోడు సాఫ్ట్‌వేర్) ఒకటి ఎంచుకుని, ముందు పదకోశం చదివి, ఇరవై వాక్యాలు సూచించండి. అవి "వెయిటింగ్" స్థితిలో ఉంటాయి, సంపాదకులు ఆమోదిస్తేనే అమల్లోకి వస్తాయి. ఆ తర్వాతే పరిచయం. "పాత అనువాదం దరిద్రంగా ఉంది, నేను బాగుచేస్తాను" అని మొదలుపెట్టకండి. ఆ పాత అనువాదం చేసినవారే రేపు మీది ఆమోదించాల్సినవారు.

ఆ ఇరవై వాక్యాల్లో దేన్ని ఎలా తేల్చారో ఒకటి రెండు చెబితే మీ పనితనం తెలుస్తుంది. "ఫలానా వ్యక్తికి పంపాం" అనే వాక్యంలో పేరు స్థానంలో శాతం గుర్తు, ఎస్ అక్షరం ఉంటాయి, అసలు పేరు తర్వాత వచ్చి పడుతుంది. రవి అయితే "రవికి", రాధ అయితే "రాధకు". విభక్తిని ముందే అతికిస్తే ఎవరో ఒకరి దగ్గర తప్పవుతుంది. "గ్రహీత:" అని రాసి పేరును పక్కన వదిలేస్తే గొడవ ఉండదు. "వ్యాఖ్యానించాడు, వ్యాఖ్యానించింది" తగువుకు "వ్యాఖ్యానించారు" మందు. ఇలాంటి గుర్తులు ఒకే వాక్యంలో రెండున్నప్పుడు తెలుగులో వాటి వరుస తిరగబడుతుంది. "ఫలానా పోస్టుపై ఫలానావారు" అని రావాలంటే గుర్తుల్లోని 1, 2 అంకెలను అలాగే ఉంచి స్థానాలు మార్చాలి. అంకెలు లేని గుర్తుల స్థానాలు మారిస్తే పోస్టు పేరు వచ్చే చోట మనిషి పేరు, మనిషి పేరు వచ్చే చోట పోస్టు పేరు కనిపిస్తాయి.

బొత్తాం మీద "భద్రపరచు" అనాలా "భద్రపరచండి" అనాలా అన్న చర్చలోకి మొదటి వారమే దిగకండి. పదకోశం ఏదంటే అది. మీ అభిప్రాయం చెప్పడానికి ఓ యాభై వాక్యాలు ఆమోదం పొందాక కూడా సమయం ఉంటుంది.